రెండు బళ్ళ సఫారీ

ఏప్రిల్ 9

గెలిచాను. ఈ మాట బయట ఎవరితోనూ అనడానికి లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు షెడ్యూళ్ళు వేశాను. నూట పన్నెండు బస్సులు, నాలుగు వందల మంది డ్రైవర్లూ కండక్టర్లూ. ఎవరు ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, ఎక్కడ టీ తాగాలో నా పెన్సిలే చెప్పేది. పోయిన నెల నేను రిటైరైన రోజున మేనేజరు మాట్లాడుతూ, ఈవిడ ఉన్నన్నాళ్ళూ డిపోలో ఒక్క కొట్లాట జరగలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు జరగలేదో అతనికేం తెలుసు. పడని వాళ్ళిద్దరినీ నేను ఒకే బస్సుకి వెయ్యను. ఒకే షిఫ్టుకి కూడా వెయ్యను. ఒకడు డిపోలో అడుగుపెట్టేసరికి రెండోవాడు ఊరి అవతల ఉండేలా చూస్తాను. మీ ఇద్దరికీ పడదటగా అని ఎవర్నీ అడగను. అడిగితే మానుతున్న పుండు గోకినట్టే.

అదే విద్యతో ఈ రోజు నాలుగు పార్కుల ఆఫ్రికా సఫారీ వేశాను. అన్నయ్య, చెల్లి, నేను, మావారు. పది రోజులు. పదకొండేళ్ళుగా మాటల్లేని మా అన్నయ్యా మా చెల్లీ పది రోజులపాటు అవే పార్కుల్లో తిరుగుతారు, అయినా ఎదురుపడరు. అసలు రెండోవాళ్ళు వచ్చినట్టే తెలియదు.

ఇంత మంచి షెడ్యూలు డిపోలో కూడా వెయ్యలేదు.

ఏప్రిల్ 10

నిన్న సంతోషంలో సగమే రాశాను.

మా నాన్న అచ్చు ప్రెస్సులో బైండరు. రంగు సరిగ్గా పడని కాగితాలు ఇంటికి తెచ్చేవాడు. అలా వచ్చిందే ఆఫ్రికా జంతువుల పటం. మా ముగ్గురి గదిలో గోడకి అంటించాడు. ఏనుగులు ఆకుపచ్చగా ఉండేవి. అన్నయ్య వాటి మీద వేలు పెట్టి ఇవి నావి అనేవాడు. చెల్లి నది దాటుతున్న మంద మీద పెట్టేది. మధ్యలో గిన్నెలాగా గుండ్రటి లోయ ఒకటి మిగిలితే అది నాకిచ్చారు. ముగ్గురం ఎప్పటికైనా వెళ్తామనుకునేవాళ్ళం. ఇప్పుడు అన్నయ్యకి అరవై మూడు. లిఫ్టులు బాగుచేసీ చేసీ పోయినేడు రిటైరయ్యాడు. చెల్లికి యాభై నాలుగు. ఈతకొలనులో కోచ్‌గా ఇంకా అరుస్తూనే ఉంది. ఇంకెప్పుడు వెళ్తాం?

ఏర్పాటు ఇది. అన్నయ్య బండి టరాంగిరేలో ఏనుగులతో మొదలుపెట్టి, మన్యారా సరస్సు, గోరోంగోరో లోయ చూసుకుని సెరెంగెటిలో ముగిస్తుంది. అక్కణ్ణించి చిన్న విమానంలో వెనక్కి. చెల్లి చిన్న విమానంలో ముందు సెరెంగెటి వెళ్ళి, నది చూసుకుని, లోయ, సరస్సు, చివర్న ఏనుగులు. ఒకే రోడ్డు మీద ఎదురెదురు సర్వీసులన్నమాట. అన్నయ్యతో మావారు. చెల్లితో నేను.

మావారికి మందుల షాపుంది. అందుకని అన్నయ్యతో, మీ బావ వస్తారు, నేను షాపు చూసుకోవాలి అని చెప్పాను. చెల్లితో, నేనొస్తాను, బావ షాపు చూసుకోవాలి అని చెప్పాను. ఇద్దరూ నమ్మారు. షాపుకి తాళం వేస్తున్నామని మా ఇద్దరికే తెలుసు.

మావారు విని, ఇంత కష్టపడే బదులు వాళ్ళిద్దరినీ ఒక మాట అడగొచ్చుగా అన్నారు. ఆయన ఎప్పుడూ డ్యూటీల రోస్టరు వేసిన మనిషి కాదు.

ఏప్రిల్ 17

తల ప్రాణం తోకకొచ్చింది.

గ్రాఫు కాగితం మీద గీశాను. అడ్డంగా రోజులు, నిలువుగా దూరం. అన్నయ్య ఆకుపచ్చ గీత, చెల్లి ఎర్ర గీత. ఆకుపచ్చ పైకి ఎక్కుతుంది, ఎర్రది కిందికి దిగుతుంది. ఐదో రోజున రెండూ ఒకదాన్నొకటి కోసుకున్నాయి. కోసుకోక ఏం చేస్తాయి? రెండు చివరల నుంచీ బయల్దేరిన బస్సులు దారిలో ఎక్కడో ఒకచోట ఎదురుపడాల్సిందే. కొత్త గుమాస్తాకి మొదటి రోజు నేను చెప్పే పాఠమే ఇది. నేనే పప్పులో కాలేశాను.

అన్నయ్యని సరస్సు దగ్గర ఇంకో రోజు ఆపాను. క్రాసింగు లోయ అంచుకి జరిగింది. చెల్లిని నది దగ్గర ఇంకో రోజు ఆపాను. మళ్ళీ రోడ్డు మీదికొచ్చింది. జరుగుతుంది గానీ పోదు.

ఏప్రిల్ 18

పరిష్కారం దొరికింది. ఐదో రోజు పదకొండూ నలభైకి, రెండు బళ్ళూ కదులుతూ ఉండగా రోడ్డు మీద దాటుకుంటాయి. అది మట్టి రోడ్డు, దుమ్ముకి అద్దాలు ఎత్తి ఉంటాయి. అంతా కలిపి ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లూ నేను చెల్లికి ఎడమ పక్క ఏదో చూపిస్తాను. మావారు అన్నయ్యకి వాళ్ళ ఎడమ పక్క జిరాఫీని చూపిస్తారు.

అక్కడ జిరాఫీ లేకపోతేనో అన్నారు. చెట్టు చూపించండి అన్నాను.

ఏప్రిల్ 20

అన్నయ్య పన్నెండింటికి వచ్చి రెండింటికి వెళ్ళాడు. చెల్లిని నాలుగింటికి రమ్మన్నాను. మధ్యలో రెండు గంటలు కప్పులు కడగడానికీ, అన్నయ్య ఏమైనా మర్చిపోయాడేమో చూడ్డానికీ. మా ఇంట్లో పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. మా అబ్బాయి పెళ్ళికి కూడా అన్నయ్యని పగటి భోజనానికి పిలిచాను, చెల్లిని రాత్రి విందుకి. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

చెల్లి దగ్గర ఈతకొచ్చే పిల్లలు ఏవో పోటీల్లో గెలిచారని పేపర్లో చూశానన్నాడు అన్నయ్య. లోపల ఎంత మంటతో అన్నాడో పాపం. వెంటనే మాట ఏనుగుల మీదికి తిప్పాను.

చెల్లి మ్యాపు చూసి, ఏనుగుల పార్కు చివర్న ఎందుకు, అన్నయ్యకి అవంటే, అని ఆగిపోయింది. ఇబ్బంది పడుతోందని తెలిసి బిస్కెట్ల పళ్ళెం ముందుకి జరిపాను. తను పళ్ళెం వంకా నా వంకా చూసి ఒకటి తీసుకుంది.

ఏప్రిల్ 21

నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో రోస్టరు సరిగ్గానే వేశాను. ఊరికే గుర్తొచ్చింది.

మే 3

ట్రావెల్ ఆఫీసులో మా పని చూసే ఆవిడని నేను ఏజెంటమ్మ అంటాను. ప్రతి మాట చివరా హ్యాపీయేనా మేడమ్ అంటుంది. ఈ రోజు తన ఆఫీసుకి వెళ్ళి గ్రాఫు చూపించాను. చాలాసేపు చూసింది. ఇలాంటిది తన జీవితంలో చూడలేదంది. నాకు సంతోషం వేసింది.

తర్వాత చల్లగా చెప్పింది. సెరెంగెటిలోకి పోయే బండైనా, వచ్చే బండైనా గేటు దగ్గర కాగితాలు చూపించాలట. అక్కడ ఒక చిన్న గుట్ట, దాని కింద బల్లలు. లోపలికెళ్ళేవాళ్ళూ బయటికొచ్చేవాళ్ళూ మధ్యాహ్నం అక్కడే తింటారట. కాగితాలయ్యేసరికి గంట పట్టొచ్చట. మీ రెండు బళ్ళూ పన్నెండింటికి అక్కడే ఉంటాయి, అందరూ కలిసి తినొచ్చు, హ్యాపీయేనా మేడమ్ అంది.

గ్రాఫు మడిచి సంచీలో పెట్టుకున్నాను.

మే 4

ఆస్పత్రి రోస్టరులో తప్పేం లేదు. అన్నయ్య ఉదయం ఆరు నుంచి రెండు, చెల్లి రెండు నుంచి పది, రాత్రంతా నేను. నర్సులు కూడా మెచ్చుకున్నారు.

మే 11

కొత్త ఏర్పాటు. మావారికి ఆ రోజు కడుపునొప్పి వస్తుంది. అన్నయ్య బండి లోయ దగ్గర రెండు గంటలు ఆగిపోతుంది. చెల్లి బండి ఈలోగా గేటు దాటేస్తుంది.

మావారు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా మందులమ్ముతున్నాను, దొంగ కడుపునొప్పి నా వల్ల కాదన్నారు. అయితే తలనొప్పి అన్నాను. లేచి షాపుకి వెళ్ళిపోయారు.

మే 19

కొంప మునిగింది.

ఏజెంటమ్మ ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పేరు ‘సఫారీ నలుగురు’. నేను, మావారు, అన్నయ్య, చెల్లి. నలుగుర్నీ ఒకేసారి చేర్చేసి పెద్ద మెసేజి పంపింది. సంచి పదిహేను కిలోలు దాటకూడదు, మెత్తటి సంచే తేవాలి, చిన్న విమానంలో పెట్టెలు పట్టవు. ఎల్లో ఫీవర్ సూది కాగితం ఎవరెవరికి కావాలో చూస్తాను. నలుగురూ హ్యాపీయేనా.

అప్పటికి ఉదయం పదీ పది. ఫోను చేతిలో పట్టుకుని కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడెవరో ఒకరు గ్రూపులోంచి వెళ్ళిపోతారు, తర్వాత నాకు ఫోన్ చేస్తారు. ఇద్దరిలో ఎవరు ముందు?

సాయంత్రం ఐదైంది. ఎవరూ వెళ్ళలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

మే 20

ఎవరూ వెళ్ళలేదు.

మే 21

వెళ్ళలేదు. మావారు నవ్వుతున్నారు. ఆయనతో మాట్లాడ్డం మానేశాను.

మే 22

ఉదయం తొమ్మిదింటికి చెల్లి గ్రూపులో రాసింది. ‘ముదురు నీలం బట్టలు వేసుకుంటే అక్కడి ఈగలు కుడతాయట. నిజమేనా?’

ఎవరినని లేదు. నాకు జవాబు తెలుసు. ఫోను పట్టుకుని చూస్తున్నాను. గంటా పది నిమిషాల తర్వాత అన్నయ్య రాశాడు.

‘నిజమే. నలుపు కూడా వద్దు.’

చెల్లి: ‘నా దగ్గరున్నవన్నీ నీలమే.’

అన్నయ్య: ‘ఖాకీవి కొనుక్కో.’

పదకొండేళ్ళలో మొదటి మాటలు. ఈగల గురించి. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే. నా చెల్లీ నా అన్నయ్యా మాట్లాడుకున్నారు. కాకపోతే, అందులో నా షెడ్యూలు గొప్పతనం ఆవగింజంత కూడా లేదు.

మే 24

సంతోషం ఒక రోజే ఉంది. నిన్నట్నించీ భయంగా ఉంది. ఈగల దగ్గర మొదలైన మాటలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

పదకొండేళ్ళ కిందట, ఆ రోజు ఉదయం పదింటికి అన్నయ్య ఆస్పత్రి నుంచి నాకు ఫోన్ చేశాడు. నేను రాత్రి షిఫ్టు చేసి ఇంటికొచ్చి పడుకున్నాను. నాన్న ఊపిరి తేడాగా ఉంది, చిన్నదాన్ని పిలవనా అన్నాడు. కొలనులో పిల్లల పోటీలున్నాయి, ఒంటిగంట దాకా నడుస్తాయి, ఎలాగూ రెండింటికి దాని డ్యూటీ ఉంది, ఇప్పుడు కంగారు పెట్టకు అన్నాను. రోస్టరు మార్చడం నాకు ఇష్టం లేదు. అంతే. ఇంకే కారణమూ లేదు. డిపోలో కూడా ఎవరైనా చివరి నిమిషంలో డ్యూటీ మార్చమంటే నాకు ఒళ్ళు మండేది.

నాన్న పన్నెండూ ఇరవైకి పోయాడు. చెల్లి రెండింటికి పది నిమిషాల ముందే వచ్చింది, జుట్టు ఇంకా తడిగానే ఉంది. నాకెందుకు ఫోన్ చెయ్యలేదని అన్నయ్యని నిలదీసింది. అన్నయ్య నా మొహం కూడా చూడలేదు. నాకు తోచలేదు అన్నాడు. ఇక నీతో మాట్లాడనంది చెల్లి. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

తర్వాత తెరుద్దామనుకున్నాను. ఆ నెల గడవనీ అనుకున్నాను. ఆ ఏడాది గడవనీ అనుకున్నాను. ఈలోగా ఇద్దరూ ఎదురుపడకుండా టైములు ఇవ్వడం మొదలుపెట్టాను. వాళ్ళ మనసు నొచ్చుకోకూడదని అనుకున్నాను. ఎదురుపడితే మాట్లాడుకుంటారు, మాట్లాడుకుంటే నా పేరొస్తుంది. పదకొండేళ్ళుగా నా భయానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

మే 29

చెప్పాలి.

మే 30

చెప్పకపోయినా వాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదా. నిన్న గ్రూపులో బైనాక్యులర్ల గురించి నలభై మెసేజీలు.

మే 31

చెప్పాలి. ఒకే గదిలో, ఇద్దరికీ ఒకేసారి.

జూన్ 2

ఇద్దరినీ నాలుగింటికి రమ్మన్నాను. ఇద్దరికీ ఒకే టైము ఇవ్వడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. రాసేటప్పుడు చెయ్యి అలవాటుగా ఒకరికి రెండు గంటలు కలపబోయింది.

అన్నయ్య ఐదు నిమిషాలు ముందొచ్చాడు. చెల్లి కొత్త ఖాకీ చొక్కాలో వచ్చింది. గుమ్మంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లావయ్యావంది చెల్లి. నువ్వు కాలేదు అన్నాడు అన్నయ్య. అంతే. నేను ఊహించుకున్న పెనుతుఫాను అదీ. ఇద్దరూ సోఫాలో రెండు చివర్ల కూర్చున్నారు.

మావారు టీ ఇచ్చి షాపుకి పోబోతే ఉండమన్నాను. నిలబడే చెప్పాను. ఆ ఫోన్ సంగతి, నేనన్న మాట, తర్వాత నోరు మూసుకున్న సంగతి, రెండు బళ్ళ సంగతి, దొంగ కడుపునొప్పి సంగతి కూడా. ఒక్కటీ దాచలేదు.

చెల్లి నన్ను చూడలేదు. అన్నయ్యని చూసింది.

“అక్క పేరు ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వు దానితో కూడా మాట్లాడ్డం మానేసేదానివి. నాన్న పోయిన రోజున నీకు ఎవరో ఒకరు ఉండాలి కదా.”

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. లిఫ్టు చెడిపోతే ఎవరి తప్పో చెప్పకుండా లోపలికి దిగి బాగుచేసి వచ్చే మనిషి. నా తప్పు మొయ్యడం కూడా అతనికి ఒక పనిలాగే అనిపించినట్టుంది.

చెల్లి టీ పూర్తిగా తాగింది. కప్పు తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. కొలను దగ్గర అంత గొంతున్న మనిషి, చాలా మెల్లగా మాట్లాడింది.

“నాకు అన్నయ్య మీద కోపం రెండేళ్ళే ఉందక్కా. తర్వాత పోయింది. నువ్వు నాలుగింటికి రమ్మనేదానివి, నేను నాలుగింటికి వచ్చేదాన్ని. ఎప్పుడూ అన్నయ్య ఉండేవాడు కాదు. నా మొహం చూడ్డం ఇష్టం లేక ముందే వెళ్ళిపోతున్నాడనుకున్నాను.”

అన్నయ్య, నేనూ అదే అనుకున్నాను అన్నాడు.

చెల్లి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు.

జూన్ 3

ఫోన్ లేదు.

జూన్ 5

గ్రూపులో కూడా ఏమీ లేదు.

జూన్ 6

తొమ్మిదేళ్ళు. కోపం రెండేళ్ళకే పోయిందంట. మిగతా తొమ్మిదేళ్ళూ నా పెన్సిలు తినేసింది.

జూన్ 8

అన్నయ్య ఫోన్ చేశాడు. చిన్నది నిన్న మా ఇంటికొచ్చింది, మూడు గంటలుంది, మీ వదిన వదల్లేదు, మళ్ళీ ఆదివారం వస్తానంది అన్నాడు. అన్నయ్య గొంతు అలా ఉండగా ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. నా గురించి ఏమైనా అందా అని అడిగాను. లేదన్నాడు.

ఫోన్ పెట్టేశాక మావారితో, వాళ్ళిద్దరూ కలిసిపోయారండీ అని చెప్పి ఏడ్చాను. సంతోషమా దుఃఖమా అన్నారు. రెండూనన్నాను. నిజం చెప్పాలంటే సంతోషమే ఎక్కువ. నేను బయటున్నా సరే, ఆ ఇద్దరూ ఒక గదిలో కూర్చున్నారు.

జూన్ 10

ఏజెంటమ్మకి ఫోన్ చేసి, వాళ్ళిద్దరికీ ఒక బండి ఉంచి నాదీ మావారిదీ రద్దు చెయ్యమన్నాను. పెద్ద సఫారీ మేడమ్, ఇంకొక్క రోజు ఆలోచించుకోండి అంది. హ్యాపీయేనా అనలేదు.

జూన్ 11

చెల్లి గ్రూపులో ఫొటో పెట్టింది. గళ్ళ నోటు పుస్తకంలో చేత్తో రాసిన కాగితం.

‘కొత్త షెడ్యూలు. వేసింది నేను. ఒకే బండి. నలుగురం. కిటికీ సీట్లు రోజుకొకరు మారాలి. ఏనుగులు మూడు రోజులు, సరస్సు ఒక పూట, అక్క లోయ ఒక రోజు, నది నాలుగు రోజులు. నది దగ్గర టైములు లేవు. అక్క పెన్సిలు తేకూడదు.’

నాలుగైదుసార్లు చదివాను. నలుగురం అని రాసింది. అక్క లోయ అని రాసింది.

పది నిమిషాల తర్వాత నాకు ఒక్కదానికే విడిగా ఫోన్ చేసింది.

“నాకింకా కోపం ఉంది. వచ్చాక బండిలో తిట్టుకుంటాను. నువ్వు రాకపోతే ఎవర్ని తిట్టాలి?”

వస్తున్నానన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకే తెలీదు, పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది.

జూన్ 12

చెల్లి షెడ్యూలు ఘోరంగా ఉంది. సరస్సు నుంచి లోయకి ప్రయాణానికి అసలు గంటలే వెయ్యలేదు. భోజనాలు లేవు. నది దగ్గర నాలుగు రోజులు తెల్లగా వదిలేసింది. అంత తెల్ల కాగితం చూస్తే నాకు చేతులు దురద పెడుతున్నాయి.

జూన్ 15

ఒకే ఒక్క తప్పు దిద్దడానికి అనుమతి అడిగాను. పార్కు పర్మిట్టు గేటు దాటిన గంట నుంచి ఇరవై నాలుగు గంటలే చెల్లుతుంది. తన లెక్కన లోయ దగ్గర మూడు గంటలు మించిపోతున్నాం. పొద్దున ఆరింటికే బయల్దేరాలి. గంట తర్వాత చెల్లి, ‘సరే. ఈ ఒక్కటే’ అని రాసింది. అన్నయ్య బొటనవేలు బొమ్మ పెట్టాడు.

ఈ ఇంట్లో నాకింకా ఉద్యోగం ఉంది.

ఆగస్టు 20

సంచులు తూచాం. నాది పన్నెండు కిలోలు. మావారిది పద్దెనిమిది, అందులో ఆరు కిలోలు మందులు. ఆఫ్రికా మొత్తానికి జలుబు చేసినా సరిపోతాయి.

సెప్టెంబర్ 2

ఏనుగులు. అన్నయ్య మూడు రోజులూ మాట్లాడలేదు, నోరు తెరుచుకుని చూశాడు. ఒక గున్న తల్లి కాళ్ళ మధ్య దాక్కుంటుంటే, ఇవి ఆకుపచ్చగా లేవేంటి అంది చెల్లి. అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్మంట.

చెల్లి మాటిచ్చినట్టే నన్ను తిట్టింది. టరాంగిరే నుంచి మన్యారా దాకా రోడ్డంతా. డ్రైవరుకి మా భాష రాదు, అయినా మధ్యలో ఒకసారి అద్దంలో నా వంక జాలిగా చూశాడు. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. సరస్సు కనిపించాక ఆపి, నీళ్ళ సీసా ఇచ్చింది.

సెప్టెంబర్ 5

నిన్న నా లోయ. పొద్దున్నే మంచు నిండిన గిన్నెలోకి దిగాం. దిగడానికి ఒక దారి, ఎక్కడానికి వేరే దారి. ఎవరు వేశారో గానీ ఆ మనిషికి దణ్ణం పెట్టాలి.

ఈ రోజు పన్నెండూ పదికి గేటు దగ్గర గుట్ట కింద బల్ల మీద నలుగురం తిన్నాం. ఉడికించిన గుడ్లు, రొట్టె. చెల్లి తన గుడ్డులో పచ్చసొన అన్నయ్య పళ్ళెంలో వేసింది. అన్నయ్య తెల్లసొన చెల్లికిచ్చాడు. చిన్నప్పుడూ అంతే. నేను మర్చేపోయాను.

సెప్టెంబర్ 8

మారా నది. రెండో రోజు.

అవతలి గట్టు మీద వేల వైల్డ్‌బీస్టులు, గడ్డాలున్న ఆవుల్లా ఉన్నాయి. నీళ్ళ దాకా వస్తాయి, చూస్తాయి, వెనక్కి పోతాయి. మూడు గంటలుగా ఇదే పని. నిన్న కూడా ఇంతే, చూసీ చూసీ దాటకుండానే వెళ్ళిపోయాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. దాటొచ్చు, దాటకపోవచ్చు, ఉందామా వెళ్దామా అని సైగ చేశాడు. అందరూ నా వైపు చూశారు. పాత అలవాటు. నేను చెల్లి వైపు చూశాను. ఉందామంది.

బండిలో ముందు చెల్లీ అన్నయ్యా, వెనక మేమిద్దరం. నది వంకే చూస్తూ అడిగింది చెల్లి.

“ఆ రోజు పొద్దున నాన్న ఏమైనా అన్నాడా?”

ఇన్నేళ్ళుగా తనకి కావలసింది ఆ ఒక్క మాటే. తనని అడగనివ్వకుండా, అతన్ని చెప్పనివ్వకుండా మధ్యలో నేనున్నాను. అన్నయ్య బైనాక్యులర్లు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“కిటికీ తియ్యమన్నాడు. టైమెంత అన్నాడు. పదకొండన్నాను. చిన్నది ఎన్నింటికొస్తుందన్నాడు. రెండింటికన్నాను. అయితే అప్పటిదాకా కాస్త పడుకుంటాను, అది రాగానే లేపు అన్నాడు. పడుకున్నాడు.”

“భయపడలేదా?”

“లేదే. నువ్వొస్తావన్న ధీమాతో పడుకున్నాడు. నిద్రలోనే పోయాడు.”

చెల్లి తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. అన్నయ్య చెల్లి వీపు మీద చెయ్యి వేశాడు. మావారు నా చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపటికి చెల్లి చొక్కా చేతితో మొహం తుడుచుకుని, వెనక్కి తిరక్కుండానే నా కోసం చెయ్యి చాపింది. అందుకున్నాను.

“ధీమా ఉండదా మరి? రోస్టరు వేసింది అక్క కదా,” అంది.

అన్నయ్య ముందు నవ్వాడు. తర్వాత చెల్లి. ఏడుస్తూనే నవ్వింది. నేను నవ్వానో ఏడ్చానో మావారిని అడగాలి.

మొదటి జంతువు ఎప్పుడు దూకిందో మేం ఎవ్వరం చూడలేదు. డ్రైవరు అన్నయ్య భుజం తట్టి చూపించేసరికి నది సగం నిండిపోయింది. ఒకదాని వెనక ఒకటి దూకుతున్నాయి, మునుగుతున్నాయి, తేలుతున్నాయి. చెల్లి సీటు మీద నిలబడి, బండి పైకప్పులోంచి తల బయట పెట్టింది. డ్రైవరు నోటి మీద వేలు పెట్టుకున్నాడు. అందుకని కోచింగంతా గుసగుసగా ఇచ్చింది. తల పైకి, కాళ్ళు ఆపకండి, ఇంకొంచెం, ఇంకొంచెం. ఆ హడావిడిలో పడిపోతుందేమోనని అన్నయ్య చెల్లి చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. చివరి దూడ గట్టెక్కేదాకా వదల్లేదు, ఎక్కాక కూడా వదల్లేదు.